12 ఆటలు, 14 బంతులు



ఏటా ఫిబ్రవరిలో రెండో ఆదివారం దాటిన మర్నాడు వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో కొన్ని ఇళ్లు తెల్లవారుజామున ఐదింటికే మేలుకుంటాయి. పాల ప్యాకెట్లు ఇంకా గుమ్మం ముందుకు రావు గానీ, టీవీ మాత్రం మోగుతుంటుంది. అమెరికాలో అప్పటికి ఆదివారం సాయంత్రమే. అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, సూపర్‌బౌల్, మొదలవుతుంది. ఇక్కడ తొమ్మిదింటికి ఆఫీసు మీటింగ్ ఉన్నవాళ్లు కూడా కాఫీ పెట్టుకుని దాని ముందు కూర్చుంటారు.

హోప్‌ఫామ్, కాడుగోడి, కుందలహళ్లి ప్రాంతాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో అమెరికా ముచ్చట లేని ఇల్లు తక్కువ. ఒకరు డాలస్‌లో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చినవారు. మరొకరికి తమ్ముడి పిల్లలు ఫ్రిస్కోలో బడికి వెళ్తున్నారు. డాలస్ కౌబాయ్స్ జట్టు కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం ఉన్నది ఆ ఫ్రిస్కోలోనే. ఊళ్లోని హైస్కూల్ జట్లు కూడా అక్కడి ఇండోర్ స్టేడియంలో ఆడతాయి. అందుచేత మనవలను చూడ్డానికి వెళ్లిన తాతలు, అమ్మమ్మలు సైతం ఈ ఆటను కళ్లారా చూసి వస్తున్నారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఎవరో వాళ్లకు రెండు ఆటల్లో తెలిసిపోతుంది. బంతి అందుకుని పరుగెత్తేవాడూ తెలుస్తాడు. మైదానం రెండు అంచుల్లో, గుంపుకు దూరంగా, ఒక్కొక్కడే నిలబడి ఉండే ఇద్దరి సంగతే చాలామందికి అంతుపట్టదు. వాళ్లను కార్నర్‌బ్యాక్‌లు అంటారు.

ఈ ప్రసంగం ఆ స్థానంలో ఆడిన ఒక మనిషి గురించి. పేరు రిచర్డ్ లేన్. లోకం ఎరిగిన పేరు నైట్ ట్రెయిన్ లేన్. 1952లో, తాను ఆడిన తొలి సీజన్‌లోనే, అతను నెలకొల్పిన రికార్డును ఈనాటికీ ఎవరూ చెరపలేదు. ఆ రికార్డుకన్నా అతను ఆ మైదానం దాకా వచ్చిన దారి ఇంకా ఆశ్చర్యకరం.

ముందుగా ఆ స్థానం సంగతి చెప్పుకోవాలి. కబడ్డీ చూసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కంఠీరవ ఇండోర్ స్టేడియంలో బెంగళూరు బుల్స్ ఆటకు వెళ్లినవాళ్లు, తెలుగు టైటాన్స్‌కు లెఫ్ట్ కార్నర్‌గా ఆడిన విశాల్ భరద్వాజ్ యాంకిల్ హోల్డ్ చూసినవాళ్లు, కార్నర్ అంటే ఏమిటో ఎరుగుదురు. రైడర్ కూతకొచ్చినప్పుడు చివరన నిలబడి, తొందరపడకుండా, అతని కాలు ఎటు కదులుతుందో కనిపెట్టి, సరిగ్గా ఆ క్షణంలో చీలమండ అందుకునేవాడు కార్నర్. అర క్షణం ముందు దూకితే రైడర్ తప్పించుకుంటాడు, అర క్షణం ఆలస్యమైతే పాయింట్ పోతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ కార్నర్‌బ్యాక్ పని కూడా ఆ జాతిదే. తేడా ఎక్కడంటే, కబడ్డీలో పక్కవాడి చేయి పట్టుకునే వీలుంటుంది. అక్కడ చుట్టుపక్కల చేయి అందించేవాడు ఉండడు.

మైదానం పొడవు 100 గజాలు, వెడల్పు 53 గజాల పైచిలుకు. జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లే అవకాశం ఉంటుంది. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలి జట్టుకు. మధ్యలో ఐదారుగురు భారీకాయులు ఒకరినొకరు నెట్టుకుంటుంటారు. అంచున మాత్రం బంతి అందుకునే రిసీవర్, అతనికి ఎదురుగా కార్నర్‌బ్యాక్, ఇద్దరే ఉంటారు.

ఇప్పుడు ఆట మొదలైన తొలి రెండు మూడు క్షణాలు చూడండి. రిసీవర్ ఏ దారిలో పరుగెత్తాలో జట్టు ముందే నిర్ణయించుకుంది. పన్నెండు గజాలు నేరుగా వెళ్లి లోపలికి తిరగాలని రిసీవర్‌కు తెలుసు, బంతి విసిరేవాడికి తెలుసు. కార్నర్‌కు తెలియదు. పైగా రిసీవర్ ముందుకు పరుగెత్తుతాడు, కార్నర్ వెనక్కి పరుగెత్తాలి. మోకాళ్లు వంచి, ఛాతీ ముందుకు పెట్టి, మడమలు నేలకు ఆనకుండా, చిన్న చిన్న అడుగులతో వెనక్కి వెళ్తుంటాడు. కళ్లు రిసీవర్ ముఖం మీద పెట్టకూడదు, భుజాల మీదా పెట్టకూడదు. ముఖం బుకాయిస్తుంది, భుజాలు బుకాయిస్తాయి. నడుము మాత్రం అబద్ధం చెప్పలేదు. అందుకే శిక్షకులు కార్నర్ చూపును రిసీవర్ నడుము మీద నిలపమంటారు. ఆ నడుము తిరిగిన క్షణాన తన తుంటిని కూడా అటే తిప్పి, వెనక్కి వేసే పరుగును ముందు పరుగుగా మార్చుకోవాలి. అప్పుడు కూడా బంతి కోసం తల తిప్పకూడదు. రిసీవర్ చేతులు లేచాక, అతని కళ్లు పెద్దవయ్యాక, అప్పుడు తిరిగి చూడాలి. ఇదంతా మీరు ఈ నాలుగు వాక్యాలు వినేలోగా పదిసార్లు జరిగిపోతుంది.

ఈ పనిలో మెప్పు దొరికేది ఎప్పుడు? బంతిని గాలిలోనే లాక్కున్నప్పుడు. దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. ఒక సీజన్‌లో ఐదారు లాక్కుంటే ఆ కార్నర్ మంచివాడు. ఎనిమిది లాక్కుంటే ఆ ఏడాది అతని పేరు మోగిపోతుంది. 1952లో రిచర్డ్ లేన్ 12 ఆటల్లో 14 లాక్కున్నాడు.

లేన్ టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో పుట్టాడు. ఏప్రిల్ 16 అన్నది అందరూ ఒప్పుకున్న తేదీ. సంవత్సరం మాత్రం కొన్ని పుస్తకాల్లో 1927, కొన్నిటిలో 1928. అతని పసితనం సంగతి తెలిస్తే ఆ తేడా వింతగా అనిపించదు. నెలల పసికందుగా ఉన్నప్పుడే అతన్ని పాత వార్తాపత్రికల్లో చుట్టి చెత్తకుండీలో పడేశారు. ఎల్లా లేన్ అనే వితంతువు ఆ దారిన పోతూ ఏదో పిల్లి అరుస్తోందనుకుంది. మూత తీసి చూస్తే పసివాడు. ఆమెకు అప్పటికే సొంత పిల్లలున్నారు, ఇల్లు గడవడం కష్టంగానే ఉంది. అయినా ఆ బిడ్డను ఇంటికి తెచ్చుకుంది, తన ఇంటిపేరు ఇచ్చింది. లేన్ జీవితంలో అందరూ అతని పరుగును, గెంతును, ధైర్యాన్ని చెప్పుకుంటారు. ఆ కథలో మొదటి ఘనత మాత్రం చెత్తకుండీ దగ్గర ఆగిన ఆ తల్లిది. క్రీడా చరిత్రల్లో ఆమెకు ఒక్క వాక్యమే దక్కింది. అది అన్యాయం.

అది నల్లవాళ్లకు బడులు వేరు, బస్సులో సీట్లు వేరుగా ఉన్న కాలం. లేన్ చదివింది నల్లపిల్లల కోసం నడిచిన ఎల్.సి. ఆండర్సన్ హైస్కూల్‌లో. బడి అయ్యాక హోటళ్లలో ఎంగిలి ప్లేట్లు తీయడం, బూట్లు పాలిష్ చేయడం అతని పని. చదువయ్యాక తనను కన్న తల్లి దగ్గరకే నెబ్రాస్కా రాష్ట్రానికి వెళ్లాడు. అక్కడ స్కాట్స్‌బ్లఫ్ జూనియర్ కాలేజీలో ఒక్క సీజన్ ఫుట్‌బాల్ ఆడాడు. పెద్ద విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన ఆటగాళ్లే ప్రొఫెషనల్ జట్లలో చేరే దేశంలో, అతని కాలేజీ చదువు, కాలేజీ ఆట అంతటితో సరి. తర్వాత నాలుగేళ్లు సైన్యం. కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఆర్డ్ సైనిక జట్టులో ఆడి పేరు తెచ్చుకున్నాడు. సైన్యం నుంచి బయటికొచ్చాక లాస్ ఏంజెలెస్‌లో విమానాల కర్మాగారంలో చేరాడు. అక్కడి పని నూనె ఓడే బరువైన లోహపు రేకులు మోయడం. సాయంత్రానికి ఒళ్లంతా జిడ్డు.

1952లో ఒకనాడు అతను లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు కార్యాలయంలోకి నేరుగా నడిచి వెళ్లాడు. చంకలో ఒక స్క్రాప్‌బుక్. హైస్కూల్ నాటి నుంచి సైన్యం దాకా తన ఆట గురించి పత్రికల్లో వచ్చిన ముక్కలు కత్తిరించి అంటించుకున్న పుస్తకం. సిఫారసు చేసినవాడు లేడు, పిలిచినవాడు లేడు. ఆ జట్టు అంతకు ముందటి ఏడాదే, అంటే 1951లో, అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఛాంపియన్. కోచ్ జో స్టైడహార్ ఆ పుస్తకం తిరగేసి, సరే, ప్రాక్టీస్‌కు రా అన్నాడు. ఈ రోజుల్లో ఒక కుర్రాడు అలా ఏ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు గుమ్మం తొక్కినా రిసెప్షన్ దాటలేడు.

ఇక్కడ రామ్స్ జట్టు గురించి కూడా చెప్పాలి. 1934 నుంచి 1945 దాకా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క నల్ల ఆటగాడు లేడు. అలాంటి నియమం కాగితం మీద ఎక్కడా కనిపించదు, యజమానులంతా కలిసి పాటించారు. 1946లో రామ్స్ లాస్ ఏంజెలెస్‌కు తరలి వచ్చినప్పుడు, అక్కడి ప్రజాధనంతో కట్టిన కొలీజియం మైదానం వాడుకోవాలంటే నల్లవాళ్లకు చోటివ్వాలని స్థానిక నల్ల పాత్రికేయులు పట్టుబట్టారు. అలా కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ జట్టులోకి వచ్చారు. లేన్ స్క్రాప్‌బుక్‌తో ఆ గుమ్మం ఎక్కేసరికి ఆ తలుపు తెరుచుకుని ఆరేళ్లే అయింది. వేరే ఊళ్లో, వేరే జట్టు గుమ్మమైతే ఈ కథే ఉండేది కాదు. వాషింగ్టన్ నగరపు జట్టు నల్ల ఆటగాడిని తీసుకోవడానికి 1962 దాకా పట్టింది.

మొదట అతన్ని బంతి అందుకునే స్థానంలో పెట్టారు. అక్కడ అప్పటికే టామ్ ఫియర్స్, ఎల్రాయ్ హిర్ష్ అనే ఇద్దరు ఉద్దండులున్నారు. ఇద్దరూ తర్వాతి కాలంలో ఈ ఆట దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కినవాళ్లే. కాలేజీలో పెద్దగా ఆడని లేన్‌కు జట్టు వ్యూహాల భాష తలకెక్కలేదు. అందుకని సాయంత్రాలు ఫియర్స్ గదికి వెళ్లి అడిగి నేర్చుకునేవాడు. ఆ గదిలో గ్రామఫోన్ మీద బడీ మారో బృందం వాయించిన నైట్ ట్రెయిన్ అనే రికార్డు అస్తమానం తిరుగుతుండేది. లేన్ ఆ పాటకు కాళ్లు కదుపుతూ లోపలికి రావడం చూసి తోటి ఆటగాడొకడు ఆ పేరే పెట్టేశాడు. నల్లవాణ్ణి రాత్రితో పోల్చి పిలుస్తున్నారేమోనని మొదట్లో లేన్ ఆ పేరును ఇష్టపడలేదు. వాషింగ్టన్ జట్టులో చూచూ అనే ముద్దుపేరు గల చార్లీ జస్టిస్‌ను అతను పడగొట్టిన మర్నాడు, నైట్ ట్రెయిన్ చూచూను పట్టాలు తప్పించిందని పత్రికలో శీర్షిక వచ్చింది. ఆ రోజుతో పేరు అతనికీ నచ్చింది.

రక్షణ విభాగంలో ఆటగాళ్లు గాయపడి కొరత వస్తే ప్రాక్టీస్‌లో అతన్ని అటు మార్చారు. అంతే, అక్కడ స్థిరపడిపోయాడు. ఆరడుగుల ఒక అంగుళం ఎత్తు, పొడుగాటి చేతులు. ఆనాటి కార్నర్‌లు చాలామంది రిసీవర్‌కు దూరంగా నిలబడి జాగ్రత్తపడేవారు. లేన్ కూడా కాస్త దూరం ఇచ్చినట్టే ఇచ్చేవాడు, కానీ భయంతో కాదు. బంతి విసిరేవాడికి తన రిసీవర్ ఖాళీగా ఉన్నాడన్న భ్రమ కలగాలి. అతను విసిరిన తర్వాత ఆ ఎడాన్ని రెండంగల్లో పూడ్చేసి బంతిని తన్నుకుపోయేవాడు. బంతి విసిరే పెద్దమనుషులు ఆ సీజన్ మొత్తం ఆ ఎర మింగుతూనే ఉన్నారు. సీజన్ ముగిసేసరికి లెక్క 14. లాక్కున్న బంతులతో పరుగెత్తిన దూరం 298 గజాలు, అందులో రెండు టచ్‌డౌన్లు, అంటే అవతలి జట్టు చివరి గీత దాటించిన పరుగులు. ఆ ఏడాది మొదట్లో అతను రేకులు మోస్తున్నాడని గుర్తుంచుకోండి.

ఈ సంఖ్య ఎంత పెద్దదో తెలియాలంటే తర్వాతి చరిత్ర చూడాలి. అప్పట్లో సీజన్‌కు 12 ఆటలు. 1961లో 14 అయ్యాయి, 1978లో 16, 2021 నుంచి 17. ఆటలు పెరిగిన కొద్దీ రికార్డులు కూలుతాయి. పరుగుల రికార్డులు, పాస్‌ల రికార్డులు అన్నీ అలాగే కూలాయి. ఇది కూలలేదు. 1980లో ఓక్లాండ్ జట్టు ఆటగాడు లెస్టర్ హేస్ 16 ఆటల్లో 13 దాకా వచ్చి ఆగిపోయాడు. 2021లో డాలస్ కార్నర్ ట్రెవాన్ డిగ్స్ 11 లాక్కున్నాడు. ఆ అంకె చేరడానికే లీగ్‌కు నలభై ఏళ్లు పట్టింది. అంతకు ముందు 11 సాధించినవాడు 1981 నాటి ఎవర్సన్ వాల్స్.

కాలం మారిందన్నది నిజమే, ఆ మాట దాచి పొగడ్డం సరికాదు. 1950లలో పాస్‌లు ఎక్కువగా దూరానికి, పైకి విసిరేవారు. వంద పాస్‌లు విసిరితే ఏడు ప్రాంతంలో అవతలివాళ్ల చేతికి చిక్కేవి. ఇప్పుడు పొట్టి పాస్‌లు, కచ్చితమైన లెక్కలు, చిన్నప్పటి నుంచీ శిక్షణ. వందకు రెండో మూడో చిక్కుతాయి. కాబట్టి లేన్‌కు దొరికినన్ని అవకాశాలు డిగ్స్‌కు దొరకవు. అయితే 1952లో ఆ అవకాశాలు లీగ్‌లో ఆడిన కార్నర్‌లందరికీ దొరికాయి. 14 పట్టుకున్నది ఒక్కడే. పైగా అది అతను ప్రొఫెషనల్‌గా ఆడిన మొదటి ఏడాది, ఆ స్థానంలోనూ మొదటి ఏడాదే.

మరుసటి ఏడాది అతని ఖాతాలో మూడే. బంతి విసిరేవాళ్లు బుద్ధి తెచ్చుకుని అతని వైపు విసరడం తగ్గించారు. ఈ స్థానంలో ఉన్న విచిత్రం ఇదే. కార్నర్ ఎంత గొప్పవాడైతే అతని దగ్గరకు బంతి అంత తక్కువగా వస్తుంది, అతని పేరు పత్రికలో అంత తక్కువగా కనిపిస్తుంది. సగం మైదానాన్ని ఒక్కడే మూసేసిన రోజున లెక్కల పట్టికలో అతని పేరు పక్కన సున్నాలే ఉంటాయి. బ్యాట్స్‌మన్ సెంచరీలు లెక్కపెట్టుకునే మనలాంటి దేశంలో ఇలాంటి ఆటగాణ్ణి గుర్తించడం ఇంకా కష్టం.

1954లో రామ్స్ అతన్ని చికాగో కార్డినల్స్‌కు పంపేశారు. అక్కడ మొదటి ఏడాదే 10 లాక్కుని లీగ్‌లో మళ్లీ మొదటి స్థానం. ఆరేళ్ల తర్వాత 1960లో డెట్రాయిట్ లయన్స్‌కు వెళ్లాడు. 1965 దాకా అక్కడే ఆడాడు. మొత్తం 14 సీజన్లు, 68 ఇంటర్‌సెప్షన్లు. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అతని కన్నా ఎక్కువ ఉన్నవాళ్లు ముగ్గురే: పాల్ క్రాస్, ఎమ్‌లెన్ టనెల్, రాడ్ వుడ్సన్.

లేన్ ఆటలో ఇంకో ముఖం కూడా ఉంది. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి అతను నడుం దగ్గర, కాళ్ల దగ్గర పట్టేవాడు కాదు. పొడుగాటి చేయి చాచి మెడ దగ్గర కొట్టేవాడు. దానికి నైట్ ట్రెయిన్ నెక్‌టై అని పేరు పడింది. కాళ్లు పడితే మనిషి ముందుకు పడతాడు, ముందుకు పడితే ఇంకో గజం దొరుకుతుంది. ఆ గజం కూడా ఇవ్వకూడదన్నది అతని లెక్క. హెల్మెట్‌కు ఉండే ముఖపు కమ్మీ పట్టుకుని లాగడం కూడా అతనికి అలవాటు. అప్పటి నియమాల ప్రకారం బంతి పట్టుకున్నవాణ్ణి అలా లాగడం తప్పు కాదు. 1962లో ఎన్‌ఎఫ్‌ఎల్ దాన్ని పూర్తిగా నిషేధించింది. మెడ మీద, తల మీద పట్టే పట్లు కూడా నిషిద్ధాలయ్యాయి. ఆ నిషేధం సరైనదే. మెడ ఎముక విరిగితే మనిషి మంచం పట్టడమే. ఆ దెబ్బలను వీరత్వంగా పొగిడే పాత రాతలు ఈ రోజు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అప్పటివాళ్లు తలకు తగిలే దెబ్బను దెబ్బగా లెక్కపెట్టలేదు. దాని ఫలితం ఎందరో ఆటగాళ్లు, వాళ్ల భార్యాపిల్లలు వృద్ధాప్యంలో అనుభవించారు.

కార్నర్‌ల వల్ల నియమాలు మారడం మళ్లీ జరిగింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు ఆడిన మెల్ బ్లౌంట్ 1975లో 11 లాక్కున్నాడు. అతను రిసీవర్‌ను దారి పొడవునా చేతులతో తోస్తూ, కదలనివ్వకుండా చేసేవాడు. 1978లో లీగ్ కొత్త నియమం తెచ్చింది: ఐదు గజాలు దాటాక రిసీవర్‌ను తాకకూడదు. ఆటగాళ్లు ఆ నియమాన్ని నేటికీ మెల్ బ్లౌంట్ రూల్ అంటారు. ఆట ఈనాడు పాస్‌ల మయం కావడానికి అదొక పెద్ద కారణం. చేతులు కట్టేసిన తర్వాత కార్నర్‌కు కాళ్లే మిగిలాయి. ఐదడుగుల తొమ్మిది అంగుళాల డారెల్ గ్రీన్ ఆ కాళ్లతోనే వాషింగ్టన్ జట్టులో 1983 నుంచి 2002 దాకా 20 సీజన్లు ఆడాడు. డియాన్ శాండర్స్ అయితే ఫుట్‌బాల్ ఒక్కటే చాలక బేస్‌బాల్ కూడా ప్రొఫెషనల్‌గా ఆడాడు. సూపర్‌బౌల్, బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ రెండింట్లోనూ ఆడిన మనిషి చరిత్రలో అతనొక్కడే. 2024లో లీగ్ ఉత్తమ రక్షణ ఆటగాడి పురస్కారం డెన్వర్ కార్నర్ పాట్ సర్టెయిన్‌కు దక్కింది. అతని తండ్రి కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ కార్నరే.

మళ్లీ లేన్ దగ్గరకు వద్దాం. 1963 జులైలో అతను డైనా వాషింగ్టన్‌ను పెళ్లి చేసుకున్నాడు. బ్లూస్, జాజ్ గాయనిగా అమెరికా అంతా ఎరిగిన గొంతు, గ్రామీ అందుకున్న కళాకారిణి. అదే ఏడాది డిసెంబర్ 14న డెట్రాయిట్‌లోని ఇంట్లో ఆమె కన్నుమూసింది. నిద్ర మాత్రల మోతాదు మించింది. వయసు 39. పక్కన అచేతనంగా ఉన్న ఆమెను మొదట చూసింది లేనే. పెళ్లయి అప్పటికి అర్ధ సంవత్సరం కూడా నిండలేదు. తర్వాత మరో రెండేళ్లు ఆడాడు గానీ మోకాళ్లు సహకరించలేదు.

ఆట ముగిశాక అతని దారి కొన్నాళ్లు తిన్నగా సాగలేదు. కాలేజీ జట్లకు శిక్షణ ఇచ్చాడు, హాస్యనటుడు రెడ్ ఫాక్స్ దగ్గర పనిచేశాడు. 1974లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది. ఆ మరుసటి ఏడాది డెట్రాయిట్ పోలీస్ అథ్లెటిక్ లీగ్‌లో చేరాడు. పోలీసులే శిక్షకులుగా పేట పిల్లలకు ఆటలు నేర్పే సంస్థ అది. కార్ల కర్మాగారాలు మూతపడి, ఉద్యోగాలు పోయి, ఊరు ఖాళీ అవుతున్న రోజుల్లో ఆ సంస్థను 1992 దాకా నడిపించాడు. అతని గురించి రాసినవాళ్లు 14 ఇంటర్‌సెప్షన్ల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. వీధిలో పడేసిన బిడ్డ పెరిగి పెద్దయి, వీధిలో తిరిగే పిల్లలకు మైదానం చూపించిన ఈ 17 ఏళ్లకు కూడా అంత చోటు ఇవ్వాలి. చివరి రోజుల్లో మధుమేహం, మోకాళ్ల నొప్పి అతన్ని కుంగదీశాయి. 2002 జనవరి 29న, పుట్టిన ఆస్టిన్‌లోనే, గుండెపోటుతో మరణించాడు. 2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ తన నూరేళ్ల సర్వోత్తమ జట్టును ప్రకటించినప్పుడు కార్నర్‌బ్యాక్‌లలో అతని పేరు ఉంది.

ఈ ఆటకు మన నేల మీద కూడా ఒక చిన్న చరిత్ర ఉంది. 2011లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకటి ప్రకటించారు. మైక్ డిట్కా, కర్ట్ వార్నర్, మైకేల్ ఇర్విన్ లాంటి ఎన్‌ఎఫ్‌ఎల్ దిగ్గజాలు దాని వెనక నిలబడ్డారు. భారతీయ తండ్రికి అమెరికాలో పుట్టి, రామ్స్‌కు, గ్రీన్‌బే ప్యాకర్స్‌కు ఆడిన బ్రాండన్ చిల్లర్ కూడా వాళ్లలో ఉన్నాడు. హైదరాబాద్‌కు స్కైకింగ్స్, బెంగళూరుకు వార్‌హాక్స్ అని జట్లు పెట్టారు. రగ్బీ, కబడ్డీ ఆడిన కుర్రాళ్లకు హెల్మెట్లు, భుజాల మీద ప్యాడ్లు తొడిగి కొత్త ఆట నేర్పారు. 2012లో ఒక సీజన్ నడిచింది, ఆ తర్వాత ఆ లీగ్ నిలదొక్కుకోలేదు. ఖరీదైన సామగ్రి, పెద్ద మైదానాలు, ఆట అర్థమయ్యే ప్రేక్షకులు, ఈ మూడూ ఒక్కసారిగా సమకూరడం మన దగ్గర కష్టం.

ఇప్పుడు తెరుచుకుంటున్న దారి వేరే. 2023 అక్టోబర్ 16న ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లోకి ఐదు ఆటలను తీసుకుంది. క్రికెట్ తిరిగి ఒలింపిక్స్‌కు వచ్చిందని మన పత్రికలన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. ఆ జాబితాలోనే ఫ్లాగ్ ఫుట్‌బాల్ కూడా ఉంది. ఇందులో జట్టుకు ఐదుగురు. హెల్మెట్ ఉండదు, ఢీకొట్టడం ఉండదు. నడుముకు కట్టుకున్న పట్టీ నుంచి వేలాడే గుడ్డ ముక్కను లాగేస్తే ఆట ఆగిపోయినట్టే. ఆడపిల్లలకూ పోటీలున్నాయి. ఒక బంతి, కొన్ని పట్టీలు, చదునైన మైదానం ఉంటే ఏ బడిలోనైనా మొదలుపెట్టవచ్చు. కబడ్డీలో కాళ్లు, కళ్లు పదునెక్కిన మన పిల్లలకు అందులో కార్నర్ స్థానం చక్కగా సరిపోతుంది. వెనక్కి పరుగెత్తడం, నడుము మీద చూపు నిలపడం, సరైన క్షణంలో చేయి చాచడం, అన్నీ అక్కడా కావలసినవే. పడగొట్టే బలం అక్కర్లేదు కాబట్టి సన్నగా ఉన్న పిల్లలు కూడా రాణిస్తారు. వైట్‌ఫీల్డ్‌లో క్రికెట్ నెట్స్, ఫుట్‌బాల్ టర్ఫ్‌లు అద్దెకిచ్చే స్థలాలు చాలానే ఉన్నాయి. శనివారం పొద్దున ఒక గంట ఈ ఆటకు కేటాయించి చూడమని అపార్ట్‌మెంట్ సంఘాలను, బడుల పీటీ టీచర్లను అడగడంలో తప్పు లేదు.

లాస్ ఏంజెలెస్‌లో ఆ పోటీలు జరగబోయేది ఎక్స్‌పొజిషన్ పార్క్‌లోని బీఎంఓ స్టేడియంలో. 1952లో లేన్ రామ్స్ జట్టు తరఫున ఆడిన కొలీజియం దాని పక్కనే ఉంది. ఆ పోటీలకు తమ ఆటగాళ్లను పంపడానికి ఎన్‌ఎఫ్‌ఎల్ యజమానులు 2025 మేలో ఒప్పుకున్నారు కూడా.